మంటను కొలిచిన మనిషి – హెన్రీ లీ చాట్లియర్

లీ చాట్లియర్ సూత్రం చదవకుండా ఇంటర్మీడియెట్ గట్టెక్కిన సైన్సు విద్యార్థి మన కాలేజీలో ఒక్కడూ ఉండడనుకుంటాను. సమతాస్థితిలో ఉన్న వ్యవస్థలో పీడనాన్నో, ఉష్ణోగ్రతనో, గాఢతనో మారిస్తే, ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశగా సమతాస్థితి జరుగుతుందని మనమంతా వల్లె వేసినవాళ్ళమే. నేనూ వేశాను. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కాని ఆ పేరు వెనుక రక్తమాంసాలున్న ఒక మనిషి ఉన్నాడనీ, ఆ మనిషికీ మా ఊరి రోడ్డు పక్క వెల్డింగ్ షాపుకూ దగ్గరి చుట్టరికం ఉందనీ నాకు తెలియడానికి ఒక ప్రమాదం జరగాల్సి వచ్చింది. సోదర విద్యార్థులారా, ఆ మహనీయుని జీవితాన్ని నాకు చేతనైనంతలో ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాను. ముందుగా ఆ ప్రమాదం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసం నేనెందుకు రాస్తున్నానో మీకు తెలియదు.

మాది మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ ఒక మెట్ట పల్లె. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి వచ్చి కలిసిన ప్రాంతం. తలెత్తితే నల్లమల కొండలు కనిపిస్తాయి గాని, మబ్బు మాత్రం అంత సులువుగా కనిపించదు. బోరు నీళ్ళే మా ప్రాణం. అందుకని మా వైపు రైతుకు దేవుడి గుడి తరువాత గుడి వెల్డింగ్ షాపే. బోరు పైపు పగిలినా, ట్రాక్టరు ట్రాలీ కొక్కెం విరిగినా, గుంటక పళ్ళు ఊడినా అక్కడికే పరుగు. మార్కాపురం పలకల పేరు దేశమంతా తెలుసు. ఆ పలకరాయి తీసే గనుల్లో గడ్డపారలూ, పలకలు కోసే మిషన్లూ విరిగితే అతికేది కూడా ఈ షాపుల్లోనే.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటి దగ్గర ఉన్న వేసవి అది. మా నాయన ఒక ఖాళీ డీజిల్ డ్రమ్ము కొన్నాడు. మిరపతోటకు మందు కొట్టేటప్పుడు నీళ్ళు నిలవ చేసుకోవడానికి. కింద కుళాయి బిగించాలంటే చిన్న పైపుముక్క అతికించాలి. ట్రాక్టరులో వేసుకుని షాపుకు పోయాం. వెల్డింగ్ చేసే ఆయన మాకు వరసకు మామ అవుతాడు. డ్రమ్ములో ఏమన్నా ఉందా అల్లుడూ అని అడిగాడు. నేను మూత తీసి, డ్రమ్మును తలకిందులు చేసి చూపించాను. ఒక్క చుక్క రాలేదు. ఉత్త ఖాళీదే మామా అని చెప్పాను. మూత మళ్ళీ బిగించింది కూడా నేనే.

మంట పెట్టిన కాసేపటికి పిడుగు పడ్డట్టు శబ్దం వచ్చింది. డ్రమ్ము అడుగురేకు ఊడి ఎగిరింది. మామ పక్కకు ఒరిగి కూర్చుని ఉండబట్టి బతికాడు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు, నాకంటే ఏడాది చిన్నవాడు, ఎదురుగా నిలబడి ఉన్నాడు. ప్రాణం దక్కింది. ఎడమ కన్ను దక్కలేదు.

ఖాళీ డ్రమ్ము ఎందుకు పేలింది? మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఖర్మ అన్నారు. డిగ్రీలో చేరాక లైబ్రరీలో ఆ ప్రశ్నకు జవాబు వెతకబోతే, ఏ పుస్తకం తెరిచినా నాకు ఎదురైన పేరు ఒక్కటే – లీ చాట్లియర్.

బాల్యం, విద్య

హెన్రీ లూయీ లీ చాట్లియర్ 1850 అక్టోబరు 8న పారిస్ నగరంలో జన్మించాడు. ఫ్రెంచి వాళ్ళ నోట ఆ పేరు లె షాతెలియే అని పలుకుతుందట. మన పాఠ్యపుస్తకాల పలుకుబడినే నేనిక్కడ వాడుతున్నాను. తండ్రి లూయీ గనుల శాఖలో పేరున్న ఇంజనీరు. ఫ్రాన్సులో రైలు మార్గాలు, ఉక్కు, అల్యూమినియం పరిశ్రమలు పెరుగుతున్న కాలంలో వాటన్నిటితో సంబంధం ఉన్న మనిషి. కాబట్టి ఇనుము, కొలిమి, గని అనే మాటలు పిల్లవాడికి ఉగ్గుపాలతోనే వచ్చాయనుకోవచ్చు. తల్లి గొప్ప క్రమశిక్షణ గలది. నిద్ర లేవడం, చదువుకోవడం, భోజనానికి కూర్చోవడం అన్నీ వేళ ప్రకారం జరగాలి. ఆ క్రమం ఆయనను జీవితాంతం విడువలేదు.

1869లో ప్రఖ్యాతి గాంచిన ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించాడు. మరుసటి ఏడే ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ఇరవై ఏళ్ళ యువకుడు పుస్తకాలు పక్కన పెట్టి సైన్యంలో లెఫ్టినెంటుగా పనిచేశాడు. ఇప్పుడు నాకున్న వయస్సు అది. యుద్ధం ముగిశాక గనుల విద్యాలయంలో చేరి ఇంజనీరయ్యాడు. కొంతకాలం బెజాన్సాన్ అనే ఊళ్ళో గనుల ఇంజనీరుగా ఉద్యోగం చేశాడు. 1876లో వివాహమయింది. ఏడుగురు సంతానం. 1877లో పారిస్ గనుల విద్యాలయం వారు పిలిచి రసాయనశాస్త్ర ఆచార్య పదవి ఇచ్చారు. అప్పటికి ఆయన పెద్దగా పరిశోధన పత్రాలు రాసినవాడేమీ కాదు. అయినా పిలిచారంటే ఆ మనిషిలో ఏదో చూసి ఉంటారు.

గనిలో గాలి

ఆ రోజుల్లో ఫ్రాన్సులో బొగ్గుగనులు తరచు పేలిపోతుండేవి. బొగ్గుపొరల్లో దాగి ఉన్న మీథేన్ వాయువు గాలిలో కలిసి, దీపం మంట తగిలితే భగ్గుమనేది. కార్మికులు పదుల సంఖ్యలో మాడిపోయేవారు. మన సింగరేణి వంటి గనుల్లో పనిచేసే కుటుంబాలకు ఈ భయం తెలియనిది కాదు. ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించగా, సాటి ఆచార్యుడు మల్లార్‌తో కలిసి లీ చాట్లియర్ ఆ పనికి దిగాడు.

ఈ ఇద్దరూ మంటను ఒక పంటలా పరిశీలించారు. వాయువు ఎంత వేడికి అంటుకుంటుంది? అంటుకున్న మంట గొట్టంలో ఎంత వేగంతో పాకుతుంది? గాలిలో ఎన్ని పాళ్ళు వాయువుంటే పేలుతుంది, ఎన్ని పాళ్ళుంటే పేలదు? ఇలా ఒక్కొక్కటీ కొలిచారు. తేలినదేమంటే, మండే ప్రతి వాయువుకూ రెండు గట్లున్నాయి. మీథేన్‌నే తీసుకోండి. గాలిలో సుమారు 5 శాతానికి తక్కువుంటే అంటుకోదు, ఇంధనం చాలదు. 15 శాతం దాటినా అంటుకోదు, ఆక్సిజన్ చాలదు. ఆ రెంటి నడుమనే చావు. రకరకాల వాయువులు కలిసి ఉన్నప్పుడు ఈ హద్దును లెక్కగట్టే నియమాన్ని 1891లో ఆయన చెప్పాడు. ఈనాటికీ సేఫ్టీ ఇంజనీర్లు దాన్ని లీ చాట్లియర్ నియమమనే పిలుస్తారు.

ఇది చదివినప్పుడు నాకు మా డ్రమ్ము కళ్ళముందు నిలిచింది. నిండుగా డీజిల్ ఉన్న డ్రమ్ములో గాలికి చోటే లేదు. ఖాళీ డ్రమ్ములో చోటంతా గాలే. గోడలకు పూతలాగా అంటుకున్న జిడ్డు, అతుకుల సందుల్లో దాక్కున్న చెమ్మ, మామూలు వేడికి ఏమీ చేయదు. వెల్డింగ్ మంట తగలగానే అది ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలో కలుస్తూ పోయి, సరిగ్గా ఆ రెండు గట్ల నడుమకు వచ్చినప్పుడు మంట పక్కనే ఉంది. పైగా మూత బిగించి ఉంది, పొంగిన వాయువు పోవడానికి దారి లేదు. నేను తలకిందులు చేసి చూసింది చుక్క కోసం. చూడవలసింది ఆవిరి కోసం. ఖాళీ అని నేను చెప్పిన మాటే ఆ పిల్లవాడి కన్ను తీసింది.

మూడు వేల డిగ్రీల మంట

హద్దులు కొలిచిన ఆయనే మనకు వెల్డింగ్ మంట దారి కూడా చూపించాడు. విచిత్రమనిపిస్తుంది గాని, ఆలోచిస్తే అదే న్యాయం.

1892లో అమెరికాలో విల్సన్, ఫ్రాన్సులో మొవాసాన్ విద్యుత్ కొలిమిలో కాల్షియం కార్బైడు తయారు చేసే పద్ధతి కనిపెట్టారు. కార్బైడు మీద నీళ్ళు పోస్తే ఎసిటిలీన్ వస్తుంది. అంతకుముందు ప్రయోగశాలకే పరిమితమైన ఆ వాయువు చవకగా దొరకసాగింది. దీపాలకు పనికొస్తుందని అందరూ సంతోషించారు. లీ చాట్లియర్ అక్కడ ఆగలేదు. 1895లో ఎసిటిలీన్‌నూ ఆక్సిజన్‌నూ సమాన ఘనపరిమాణాల్లో కలిపి మండించి చూశాడు. మంట 3000 డిగ్రీల సెంటిగ్రేడు దాటింది. అంతవరకూ గొప్పదనుకున్న హైడ్రోజన్–ఆక్సిజన్ మంట కంటే ఇది సుమారు వెయ్యి డిగ్రీలు ఎక్కువని ఆయన లెక్క. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు చాలు.

ఇంకో సంగతి కూడా ఆయన పసిగట్టాడు. సమాన పాళ్ళలో కలిపితే ఎసిటిలీన్ పూర్తిగా మండదు. కార్బన్ మోనాక్సైడూ, హైడ్రోజనూ మిగులుతాయి. రెండూ క్షయకరణ గుణం కలవి. అవి తమకు కావలసిన మిగతా ఆక్సిజన్‌ను చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటూ మండుతాయి. అంటే కరిగిన ఇనుము చుట్టూ అవి కాపలా కాస్తూ, దాన్ని తుప్పు పట్టకుండా కాపాడతాయన్నమాట. గ్యాసు వెల్డింగ్ చేసే మేస్త్రీ రెండు చెవులూ తిప్పి తిప్పి, మధ్యలో చిన్న తెల్లని ములుకు స్పష్టంగా నిలిచేదాకా మంట సరిచేయడం మీరు చూసే ఉంటారు. ఆయన చదువుకోకపోయినా చేస్తున్నది అదే – సమాన పాళ్ళు కుదర్చడం. ఎసిటిలీన్ ఎక్కువైతే మంట బొగ్గు చల్లుతుంది, అతుకు పెళుసవుతుంది. ఆక్సిజన్ ఎక్కువైతే ఇనుము కాలిపోతుంది.

ఆ తరువాత 1900 దాటిన తొలి ఏళ్ళలో ఫూషే, పికార్ అనే ఫ్రెంచి ఇంజనీర్లు ఈ మంటకు తగిన టార్చిని తయారు చేశారు. దాంతో పద్ధతే మారిపోయింది. మా తాతల నాటి కమ్మరి రెండు ఇనుపముక్కలను కొలిమిలో ఎర్రగా, తెల్లగా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టి అతికించేవాడు. అందులో ఇనుము మెత్తబడుతుందే గాని కరగదు. టార్చి వచ్చాక ఇనుమును ఉన్నచోటే కరిగించి అతికించడం సాధ్యమయింది.

దీనికి పోటీగా వచ్చిందే కరెంటు వెల్డింగ్. 1881లో రష్యా దేశీయుడు బెనార్డోస్ కార్బన్ కడ్డీతో విద్యుత్ ఆర్క్ పుట్టించి లోహాలు అతికించాడు. తరువాత స్వీడన్‌కు చెందిన షెల్‌బెర్గ్ ఇనుప కడ్డీకి పూత పూసే పద్ధతి తెచ్చాడు. ఆ పూత కాలి పొగగా మారి, కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది. మన షాపుల్లో రాడ్డు అని పిలిచేది దాన్నే. కరిగిన ఇనుముకు గాలి తగలనీయకూడదన్న నీతి రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

కొలవడమే తపస్సు

లీ చాట్లియర్‌కు కొలవకుండా మాట్లాడడం ఇష్టముండేది కాదు. కొలిమి వేడిని కంటితో చూసి చెప్పే కాలంలో, 1887 ప్రాంతాల్లో ప్లాటినం తీగనూ, ప్లాటినం–రోడియం మిశ్రమ తీగనూ జోడించి నమ్మకమైన థర్మోకపుల్ తయారు చేశాడు. ఉక్కు కర్మాగారాల్లో ఆ జంట తీగలు ఈనాటికీ పనిచేస్తున్నాయి. 1887లోనే సిమెంటు గట్టిపడడం వెనుక రసాయన రహస్యం మీద డాక్టరేటు సంపాదించాడు. మన పేరుమోసిన సూత్రాన్ని 1884లో మొదట చెప్పి, 1888లో ఇంకా సులభంగా తిరిగి చెప్పాడు. 1907లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యుడయ్యాడు.

కాని ఆయనను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన జీవితంలో రెండు పొరపాట్లున్నాయి. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అవి చదివాకనే.

మొదటిది బొగ్గుధూళి సంగతి. మీథేన్ లేకుండా ఉత్త బొగ్గుధూళి పెద్ద ప్రమాదమేమీ కాదని 1880లలో మల్లార్, లీ చాట్లియర్ అభిప్రాయపడ్డారు. ఫ్రాన్సులో ఆ మాట నిలిచిపోయింది. 1906 మార్చి 10న కూరియేర్ గనిలో బొగ్గుధూళి పేలుడు సొరంగాల వెంట పాకింది. 1099 మంది మరణించారు. ఎంతటివాడు కొలిచినా, కొలవకుండా వదిలిన చోటే మృత్యువు కూర్చుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక పేలుడు, ఒక పశ్చాత్తాపం

రెండవది రైతు కొడుకునైన నాకు ఇంకా దగ్గరిది. గాలిలోని నైట్రోజన్‌ను హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయగలిగితే ఎరువుకు కరువుండదు. ఒక పాలు నైట్రోజన్, మూడు పాళ్ళు హైడ్రోజన్ కలిస్తే రెండు పాళ్ళ అమ్మోనియా వస్తుంది. నాలుగు రెండవుతున్నాయి కాబట్టి, తన సూత్రం ప్రకారమే పీడనం పెంచితే పని జరగాలి. 1901లో ఆయన 200 అట్మాస్ఫియర్ల పీడనంతో, 600 డిగ్రీల వేడిలో, ఇనుము ఉత్ప్రేరకంగా ప్రయోగం పెట్టాడు. దారి పూర్తిగా సరైనదే. కాని పరికరంలోకి గాలి చొరబడింది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిశాయి. ఉక్కు పాత్ర బద్దలై, సహాయకుడు చావు తప్పించుకున్నాడు.

ఆయన ఆ పనిని వదిలేశాడు. 1909లో జర్మనీలో హేబర్ అదే దారిలో సాధించాడు. 1913లో ఒప్పావులో ఫ్యాక్టరీ మొదలయింది. హేబర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు మా నాయన భుజాన మోసే యూరియా బస్తా ఆ అమ్మోనియా బిడ్డే. చేతికందిన అమ్మోనియాను జారవిడుచుకోవడం తన శాస్త్రజీవితంలో అన్నిటికంటే పెద్ద తప్పని లీ చాట్లియర్ వృద్ధాప్యంలో ఒప్పుకున్నాడు.

ఇందులో నాకు అర్థమయింది ఇది. పేలుడు జరిగాక మనుషులు రెండు పనులు చేస్తారు. ఖర్మ అని మళ్ళీ అలాగే చేస్తారు, లేదా భయపడి పూర్తిగా మానేస్తారు. గాలి ఎక్కడినుంచి చొరబడిందో వెతికి, ఆ సందు మూసి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు తక్కువ. లీ చాట్లియర్ అంతటివాడే ఒక్కసారి ఆ మూడోదారి తప్పాడు. 1936 సెప్టెంబరు 17న, ఎనభై అయిదేళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

మన షాపుల్లోకి ఆ శాస్త్రం

మిత్రులారా, మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ నాలుగు మాటలు మీ ఊరి షాపులో చెబితే చాలు, ఈ వ్యాసం ధన్యమవుతుంది.

నూనె, డీజిల్, పెట్రోలు, పురుగుమందు పోసిన డ్రమ్మును ఖాళీ అని నమ్మి మంట పెట్టకూడదు. సబ్బునీళ్ళతోనో, సోడా కలిపిన వేడినీళ్ళతోనో బాగా కడిగి, మూతలన్నీ తెరిచి, అతికే చోటుకు కొంచెం కిందిదాకా నీళ్ళు నింపితేనే పని మొదలుపెట్టాలి. నీళ్ళున్నచోట ఆవిరికీ గాలికీ చోటుండదు. అనుమానముంటే ఆ పని ఒప్పుకోకపోవడమే మేలు.

ఎసిటిలీన్ సిలిండరును నిలబెట్టే ఉంచాలి. అందులో వాయువు ఎసిటోన్ ద్రవంలో కరిగి ఉంటుంది. పడుకోబెడితే ఆ ద్రవం బయటికొస్తుంది. దానికి రాగి గొట్టం తగిలించకూడదు. రాగితో కలిసి పేలే పదార్థం పుడుతుంది. ఆక్సిజన్ సిలిండరు మరలకు నూనెగాని గ్రీజుగాని రాయకూడదు. ఆక్సిజన్‌లో జిడ్డు దానంతట అదే అంటుకోగలదు. మరలు తిరగలేదని ట్రాక్టరు గ్రీజు పూసే అలవాటు మా వైపు ఉంది, అందుకే చెబుతున్నాను.

కరెంటు వెల్డింగ్ వెలుగును ఉత్త కళ్ళతో చూడకూడదు. అందులోని అతినీలలోహిత కిరణాలు కంటిపొరను కాలుస్తాయి. అప్పుడు నొప్పి తెలియదు. కొన్ని గంటలు పోయాక, అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. చిన్నప్పుడు నేనూ అలా చూసి తెల్లవార్లూ ఏడ్చినవాణ్ణే. మామూలు చలువ అద్దాలు దానికి చాలవు. ముదురు అద్దమున్న ముసుగు కావాలి. జింకు పూత ఉన్న పైపును అతికేటప్పుడు లేచే తెల్లపొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. పూత గీకి, గాలి ఆడేచోట కూర్చోవాలి. తడినేల మీద, చెప్పుల్లేకుండా కరెంటు వెల్డింగ్ పట్టుకోకూడదు.

మా మామ షాపు మళ్ళీ తెరిచాడు. కన్ను పోయిన పిల్లవాడు పని మానలేదు. ఇప్పుడు సగం పనులు అతనే చేస్తాడు. పోయిన సంక్రాంతికి నేను వెళ్ళినప్పుడు ఈ గట్ల సంగతి, 5, 15 లెక్క సంగతి, నేలమీద సుద్దతో గీసి అతనికి చెప్పాను. ఖాళీ అని చెప్పింది నేనేనని కూడా చెప్పాను. అతను కాసేపు ఆ గీతలు చూసి, మరి డీజిలుకు ఎంత అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కాలేజీకి వచ్చి, పుస్తకం చూసి, అతనికి ఉత్తరం రాశాను – వేడికి లేచిన డీజిల్ ఆవిరి గాలిలో ఒక శాతం కూడా అక్కరలేదని.

పరీక్షలో ఆ సూత్రానికి నాకు వచ్చిన మార్కుల కంటే, ఆ కుర్రవాడు వేసిన ప్రశ్నే లీ చాట్లియర్‌కు దగ్గరిదని నాకనిపిస్తుంది.